పాత వీటీవీఎం, ఆసిలోస్కోప్ వాల్వులు: పరీక్షించి జత కుదిర్చే పద్ధతి

వీటీవీఎం అంటే వాక్యూమ్ ట్యూబ్ వోల్ట్‌మీటర్. వాల్వు అన్నా ట్యూబ్ అన్నా ఒకటే. ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "ట్యూబ్ టెస్టర్‌లో పెడితే ముల్లు పచ్చ గీత దాకా వెళ్లింది. అదే వాల్వు వీటీవీఎంలో పెడితే సున్నా నిలవడం లేదు. తప్పు ఎక్కడ?"

టెస్టర్ చూసేది ఒకటి, సాకెట్ అడిగేది ఇంకొకటి. వాల్వు ఏ వోల్టేజీ దగ్గర, ఎంత కరెంటుతో పనిచేయాలో అక్కడే పరీక్షించాలి. ఆఖరి తీర్పు పరికరానిదే. ఈ మార్గదర్శి మొత్తం ఆ లెక్కమీదే నడుస్తుంది. ఉదాహరణలకు హీత్‌కిట్ వీ-7ఏ వీటీవీఎం, టెక్‌ట్రానిక్స్ 500 వరుస ఆసిలోస్కోప్‌లను తీసుకున్నాం. మిగతా పరికరాలకూ పద్ధతి మారదు.

## 1. ముందు తేల్చుకోండి: అసలు వాల్వు తీయాలా?

పాత పరికరం చేతికి రాగానే వాల్వులన్నీ పీకి టెస్టర్ దగ్గర పోగు పెట్టడం మొదటి తప్పు. చాలాసార్లు లోపం ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లోనో, విలువ పెరిగిపోయిన కార్బన్ రెసిస్టర్‌లోనో, మురికి పట్టిన స్విచ్‌లోనో ఉంటుంది. పవర్ సప్లై వోల్టేజీలు సరిగా లేకపోతే మంచి వాల్వు కూడా చెడ్డదిలా కనిపిస్తుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి:

- సప్లై వోల్టేజీలు, వాటి మీద రిపుల్ (మిగిలిపోయిన ఏసీ అల) కొలవండి. తప్పుంటే ముందు అవి బాగుచేయండి.
- హీటర్ వోల్టేజీని సాకెట్ పిన్నుల దగ్గరే కొలవండి. 6.3 వోల్టుల హీటర్‌కు 5.7 నుంచి 6.9 వరకు హద్దు.
- లోపం ఏ స్టేజీలో ఉందో తేల్చండి.
- ఆ స్టేజీ వాల్వు ఒక్కటే తీసి, బాగున్నదని తెలిసిన మరొకటి పెట్టి చూడండి.
- లోపం పోకపోతే పాత వాల్వును దాని సాకెట్‌లోనే తిరిగి పెట్టండి.

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కాదు. టెక్‌ట్రానిక్స్ స్కోప్‌లో సర్దుబాట్లన్నీ ఆ సాకెట్‌లో ఆ వాల్వు ఉండగా చేసినవి. పది వాల్వులు కలగాపులగం చేస్తే పది లోపాలు కొత్తగా పుడతాయి.

అమెరికా పరికరాల విషయంలో ఇంకొకటి. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 117 వోల్టుల పరికరాన్ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపితే, లైన్ 245కి ఎక్కినప్పుడు హీటర్లూ అదే నిష్పత్తిలో ఎక్కుతాయి. 60 హెర్ట్జ్‌కు మాత్రమే అని రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. టెక్‌ట్రానిక్స్ 500 వరుసలో చాలా వాటికి 234 వోల్టుల కనెక్షన్ ఉంటుంది. ట్యాపులు ఎలా కలిపారో చూడకుండా ప్లగ్ పెట్టకండి.

## 2. ఏ సాకెట్‌కు ఏ గుణం కావాలి?

జత కుదర్చడం అన్ని చోట్లా అవసరం లేదు. అనవసరమైన చోట జతలు వెతకడం డబ్బు దండగ.

వీటీవీఎం బ్రిడ్జి వాల్వు (12ఏయూ7). రెండు సెక్షన్లూ ఒకేలా ఉండాలి. అంతకన్నా ముఖ్యంగా గ్రిడ్ కరెంటు అతి తక్కువ ఉండాలి. జీఎం (గ్రిడ్ వోల్టేజీ ఒక వోల్టు మారితే ప్లేట్ కరెంటు ఎంత మారుతుందో చెప్పే అంకె) కాస్త తగ్గినా నష్టం లేదు, క్యాలిబ్రేషన్ పాట్ (తిప్పి సర్దే రెసిస్టర్) సర్దుకుంటుంది.

ఏసీ రెక్టిఫైయర్ (6ఏఎల్5). రెండు డయోడ్ల కాంటాక్ట్ పొటెన్షియల్ (బయటి వోల్టేజీ ఇవ్వకపోయినా డయోడ్ చూపే చిన్న వోల్టేజీ) దగ్గరగా ఉండాలి.

స్కోప్ వర్టికల్ యాంప్లిఫైయర్ డిఫరెన్షియల్ జత. రెండు వైపులా బయాస్ (గ్రిడ్‌కూ క్యాథోడ్‌కూ మధ్య ఉంచే వోల్టేజీ), జీఎం రెండూ కుదరాలి. మైక్రోఫోనిక్స్ (తట్టితే సిగ్నల్ వణకడం) ఉండకూడదు.

క్యాథోడ్ ఫాలోవర్ (సిగ్నల్‌ను క్యాథోడ్ నుంచి తీసుకునే స్టేజీ). హీటర్-క్యాథోడ్ లీకేజీ, గ్రిడ్ కరెంటు చూడాలి. జత అక్కర్లేదు.

స్వీప్ మిల్లర్ వాల్వు (ట్రేస్‌ను అడ్డంగా నడిపే వోల్టేజీని పుట్టించేది). గ్రిడ్ కరెంటు ఉంటే నెమ్మది స్వీప్‌లలో టైమింగ్ తప్పుతుంది.

సిరీస్ రెగ్యులేటర్ (6080 లాంటివి). ఎమిషన్ (క్యాథోడ్ ఎలక్ట్రాన్లు విడిచే సత్తా) బలంగా ఉంటే చాలు.

## 3. వాల్వు నంబర్ల దగ్గర పొరపాట్లు

12ఏయూ7 అన్నా ఈసీసీ82 అన్నా ఒకటే. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వుల మీదా ఇలాంటి ఐరోపా నంబర్లు కనిపిస్తాయి. 6డీజే8 అంటే ఈసీసీ88. ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది "సమానం" అని అమ్మే వాటితో. 5814ఏ ఎలక్ట్రికల్‌గా 12ఏయూ7 లాంటిదే, కానీ 12.6 వోల్టుల దగ్గర దాని హీటర్ 0.175 ఆంపియర్లు తీసుకుంటుంది. 12ఏయూ7 తీసుకునేది 0.15. అలాగే 6డీజే8 హీటర్ 0.365 ఆంపియర్లు, 6922 హీటర్ 0.3. హీటర్లు ప్యారలల్‌గా ఉంటే ఫర్వాలేదు. సిరీస్‌లో ఉన్న చోట ఒకదానికి తక్కువ, ఇంకొకదానికి ఎక్కువ వోల్టేజీ పడుతుంది. స్కోప్ ప్లగ్-ఇన్ యూనిట్లలో హీటర్ వైరింగ్ చూడకుండా మార్చకండి.

12ఏయూ7, 6డీజే8 రెండూ తొమ్మిది పిన్నులవే, ప్లేట్, గ్రిడ్, క్యాథోడ్ పిన్నులూ ఒకే చోట. హీటర్ మాత్రం వేరు. 12ఏయూ7లో 4, 5 మధ్య 12.6 వోల్టులు, 9 నడిమి ట్యాప్. 6డీజే8లో 4, 5 మధ్యే 6.3 వోల్టులు, 9 లోపలి షీల్డ్. 12.6 పెట్టిన సాకెట్‌లో 6డీజే8 గుచ్చితే ఆ వాల్వును మళ్లీ పరీక్షించే పని ఉండదు.

## 4. బల్ల మీద ఉండాల్సినవి

- 0 నుంచి 300 వోల్టుల సర్దుబాటు డీసీ సప్లై, 50 మిల్లీయాంప్‌ల కరెంట్ లిమిట్‌తో
- హీటర్‌కు ప్రత్యేకంగా, నేలకు కలవని 6.3 వోల్టుల డీసీ సప్లై, కనీసం 1 ఆంపియర్
- బయాస్‌కు రెండు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, వాటి మీద 10 కిలో ఓమ్‌ల పది తిప్పుల పాట్
- రెండు డిజిటల్ మల్టీమీటర్లు, కనీసం ఒకటి 0.1 మిల్లీవోల్ట్ దాకా చదివేది
- తొమ్మిది పిన్నుల సాకెట్లు రెండు, ఏడు పిన్నులది ఒకటి
- లీకేజీ పెట్టె: ఐదు 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, వాటికి వరుసగా 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్
- వేరియాక్ (లైన్ వోల్టేజీని తిప్పి మార్చే ట్రాన్స్‌ఫార్మర్), రబ్బరు ఉన్న పెన్సిల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పేపర్ ట్యాగులు, నోట్‌బుక్

ట్యూబ్ టెస్టర్ ఉంటే మంచిదే, లేకపోతే లోటేమీ లేదు. ఎమిషన్ టెస్టర్ అనేది గ్రిడ్‌ను, ప్లేట్‌ను కలిపి డయోడ్‌లా చేసి ఎంత కరెంటు వస్తుందో చూపిస్తుంది. చచ్చిన వాల్వును పట్టుకోవడానికి తప్ప జత కుదర్చడానికి పనికిరాదు. టీవీ-7, హికాక్ వంటి టెస్టర్లు జీఎం చూపిస్తాయి కాబట్టి మెరుగు. అవి కూడా తమ సొంత వోల్టేజీల దగ్గరే కొలుస్తాయి, మీ పరికరం దగ్గర కాదు.

## 5. జిగ్ కట్టడం

జిగ్ అంటే వాల్వును పెట్టి కొలిచే పరీక్ష సర్క్యూట్. దాన్ని చెక్క పలక మీద, మూత ఉన్న పెట్టెలో కట్టండి. 250 వోల్టులు ప్రాణం తీయగలవు. ఒక చేయి జేబులో ఉంచి పనిచేసే అలవాటు ఇక్కడ నియమం. స్కోప్ మూత తెరిస్తే ఇంకా జాగ్రత్త. 535, 545 స్కోప్‌లలో పిక్చర్ ట్యూబ్‌కు మొత్తం సుమారు 10 కిలోవోల్టుల త్వరణ వోల్టేజీ ఉంటుంది.

1. సప్లై చివర 100 కిలో ఓమ్, 2 వాట్ల బ్లీడర్ (ఆపాక ఛార్జిని ఖాళీ చేసే రెసిస్టర్) పెట్టండి. ఫిల్టర్ 47 మైక్రోఫారడ్ అయితే ఆపాక అర నిమిషంలో ఖాళీ అవుతుంది. అయినా ముట్టుకునే ముందు మీటర్‌తో చూడండి.

2. ప్రతి గ్రిడ్ పిన్ను దగ్గరే 1 కిలో ఓమ్ రెసిస్టర్ అతికించండి. తీగ చివర కాదు, పిన్ను మీదే. ప్లేట్ తీగకు ఫెరైట్ పూస తొడగండి. 6డీజే8 జీఎం ఎక్కువ, చిన్న తీగ ఉన్నా చాలు, మీకు తెలియకుండానే ఆసిలేట్ అవుతుంది. అప్పుడు కరెంటు రీడింగులు అర్థం లేకుండా దూకుతాయి.

3. బయాస్ పాట్‌కూ గ్రిడ్‌కూ మధ్య 1 మెగా ఓమ్ రెసిస్టర్, దాన్ని షార్ట్ చేసే స్విచ్ పెట్టండి. గ్రిడ్ కరెంటు పరీక్షకు ఇదే ఆధారం.

4. క్యాథోడ్ తీగలో 10 ఓమ్, 1 శాతం రెసిస్టర్. దాని మీద 100 మిల్లీవోల్టులు అంటే 10 మిల్లీయాంప్‌లు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 6డీజే8కి 15 మిల్లీయాంప్‌లు పారితే ఆ 10 ఓమ్‌ల మీద 0.15 వోల్టు పడుతుంది. ఆ వాల్వు మొత్తం బయాసే 1.3 వోల్టులు. నేల నుంచి బయాస్ కొలిస్తే లెక్క తప్పినట్టే. అందుకని బయాస్ ఎప్పుడూ గ్రిడ్‌కూ క్యాథోడ్‌కూ మధ్య కొలవండి. 6డీజే8 సాకెట్‌లో రెసిస్టర్‌ను 1 ఓమ్‌కు తగ్గించండి.

5. పెంటోడ్‌లకు (స్క్రీన్ అనే గ్రిడ్ కూడా ఉన్న 6ఏయూ6 వంటివి) కరెంటు ప్లేట్ వైపు కొలవాలి. క్యాథోడ్‌లో పారేది ప్లేట్ కరెంటు, స్క్రీన్ కరెంటు కలిపి. 6ఏయూ6కి ప్లేట్‌లో 10.6, స్క్రీన్‌లో 4.3, క్యాథోడ్‌లో దాదాపు 15 మిల్లీయాంప్‌లు.

6. 6ఏయూ6 స్క్రీన్‌కు 150 వోల్టులు, వోల్టేజీని నిలకడగా ఉంచే 0ఏ2 గ్యాస్ ట్యూబ్ నుంచి తీసుకోవచ్చు. 250 వోల్టుల నుంచి 6.8 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ చాలు. 0ఏ2కి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కంటే పెద్ద కెపాసిటర్ పెట్టకండి, అది తానే ఆసిలేటర్ అవుతుంది.

జిగ్‌ను నమ్మే ముందు: ఒకే వాల్వును మూడుసార్లు తీసి పెట్టి కొలవండి. మూడు రీడింగుల మధ్య 2 శాతం తేడా వస్తే, మీరు 1 శాతానికి జత కుదిర్చామని చెప్పుకోవడం ఉత్తిమాట. రెండు మంచి వాల్వులను "కొలబద్దలు"గా విడిగా దాచి, ప్రతి పూట పని మొదలుపెట్టేటప్పుడు వాటిని కొలవండి. జిగ్ రీడింగులు పక్కకు జరిగితే అవే చెబుతాయి.

## 6. కరెంటు ఇవ్వకముందు చూడాల్సినవి

- గెట్టర్: గాజు లోపలి వెండి మచ్చ తెల్లగా, పాలలా మారితే గాలి చొరబడింది. పరీక్ష అక్కర్లేదు, పారేయండి. అంచులు గోధుమరంగుకు తిరగడం మామూలే.
- పిన్నులు: వంగినవి మెల్లగా సరిచేయండి. పిన్నుల మొదలు చుట్టూ గాజులో పగులు ఉందేమో చూడండి. ఆల్కహాల్‌తో తుడవండి. బంగారు పూత ఉన్న పిన్నులకు గరుకు కాగితం పట్టించకండి.
- అచ్చు నంబర్: గాజు మీది అచ్చును తుడవకండి, వేలు తగిలినా పోతుంది. ముందే ట్యాగ్ కట్టండి: పరికరం, సాకెట్ నంబర్, వాల్వు రకం.
- హీటర్: మల్టీమీటర్‌తో కంటిన్యుటీ. 12ఏయూ7లో 4-9, 9-5 విడివిడిగా చూడండి. చల్లగా ఉన్నప్పుడు కొన్ని ఓమ్‌లే చూపిస్తుంది. వేడెక్కాక ఒక్కో సగం 42 ఓమ్‌లు అవుతుంది. రెండు సగాలూ దగ్గరగా ఉండాలి.

## 7. షార్టులు, లీకేజీ

మల్టీమీటర్ ఓమ్ రేంజ్‌తో చల్లని వాల్వుకు షార్టులు వెతికితే సగం దొరకవు. ఎలక్ట్రోడ్లు వేడికి సాగాకే తగులుకుంటాయి.

1. హీటర్‌కు 6.3 ఇచ్చి ఐదు నిమిషాలు ఆగండి. మిగతా పిన్నులకు ఏమీ కలపకండి.

2. లీకేజీ పెట్టె ప్లస్‌ను క్యాథోడ్‌కు, మైనస్‌ను హీటర్‌కు కలపండి. 100 కిలో ఓమ్‌ల మీద వోల్టేజీ చూడండి. ప్రతి 0.1 వోల్టూ ఒక మైక్రోయాంప్. 0.5 వోల్టు దాటితే ఆ వాల్వును క్యాథోడ్ ఫాలోవర్‌లో గానీ, ఇన్‌పుట్ స్టేజీలో గానీ వాడకండి. ఏసీ హీటర్ ఉన్న పరికరంలో ఇదే స్క్రీన్ మీద 50 హెర్ట్జ్ అలగా కనిపిస్తుంది.

3. ప్లస్ క్యాథోడ్‌కు, మైనస్ గ్రిడ్‌కు. ఇక్కడ రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. ప్లస్ క్యాథోడ్ వైపే ఎందుకంటే, తిరగేస్తే వాల్వు డయోడ్‌లా పనిచేసి మంచిదాంట్లో కూడా కరెంటు పారుతుంది. చాలామంది దాన్ని చూసి షార్ట్ అనుకుంటారు.

4. మీటర్ చూస్తూ పెన్సిల్ రబ్బరుతో గాజు మీద మెల్లగా తట్టండి. రీడింగ్ దూకితే లోపల ఏదో వదులుగా ఉంది. పక్కన పెట్టండి.

పెట్టె 45 వోల్టులకే పరిమితం చేయడానికి కారణం 6డీజే8. దాని గ్రిడ్ క్యాథోడ్‌కు చాలా దగ్గర. పాత రేడియో వాల్వులకు వాడే పెద్ద వోల్టేజీ దీనికి పనికిరాదు.

## 8. ప్లేట్ కరెంటు, జీఎం

డేటాషీట్ బిందువులు (వాల్వు పనిచేసే వోల్టేజీ, కరెంటు విలువలు) ఇవి:

- 12ఏయూ7: ప్లేట్ 250 వోల్టులు, గ్రిడ్ మైనస్ 8.5. ఒక్కో సెక్షన్ 10.5 మిల్లీయాంప్‌లు, జీఎం 2.2.
- 6డీజే8: ప్లేట్ 90, గ్రిడ్ మైనస్ 1.3. 15 మిల్లీయాంప్‌లు, జీఎం 12.5.
- 6ఏయూ6: ప్లేట్ 250, స్క్రీన్ 150, క్యాథోడ్ రెసిస్టర్ 68 ఓమ్. 10.6 మిల్లీయాంప్‌లు, జీఎం 5.2.

జీఎం ఇక్కడ వోల్టుకు మిల్లీయాంప్‌లలో. 6డీజే8కి ప్లేట్ వోల్టేజీ హద్దు 130, మర్చిపోయి 250 ఇవ్వకండి. 12ఏయూ7ను ఒక్కసారికి ఒక సెక్షనే పరీక్షించండి. 250 వోల్టుల దగ్గర 10.5 మిల్లీయాంప్‌లంటే 2.6 వాట్లు, దాని హద్దు 2.75.

వరుస:

1. హీటర్ ముందు. ఐదు నిమిషాలు.
2. బయాస్‌ను పూర్తి మైనస్‌కు తిప్పి ఉంచండి.
3. ప్లేట్ వోల్టేజీ నెమ్మదిగా పెంచండి.
4. బయాస్‌ను డేటాషీట్ విలువకు తెచ్చి, కరెంటు రాయండి.
5. 12ఏయూ7 అయితే బయాస్ మైనస్ 8 దగ్గర, మైనస్ 9 దగ్గర కరెంటులు రాయండి. తేడాయే జీఎం. ఉదాహరణకు 11.4, 9.3 వస్తే జీఎం 2.1.
6. 6డీజే8కి మైనస్ 1.2, మైనస్ 1.4 చాలు. 2.5 మిల్లీయాంప్‌ల తేడా రావాలి. తేడాను 0.2తో భాగిస్తే జీఎం.
7. ప్రతి రీడింగ్ దగ్గరా ప్లేట్ వోల్టేజీ జారిందేమో చూసి సరిచేయండి.

కరెంటు డేటాషీట్ కంటే 20 శాతం అటూ ఇటూ ఉన్నంత మాత్రాన వాల్వు చెడ్డది కాదు. కొత్త వాల్వులే అంత తేడాతో వస్తాయి. జీఎం మూడో వంతు పడిపోయిందంటే మాత్రం ముసలిదైంది.

## 9. గ్రిడ్ కరెంటు: వీటీవీఎం రోగం ఇదే

సున్నా నిలవని వీటీవీఎంలలో వాల్వు తప్పు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. టెస్టర్ ముల్లు దీన్ని చూడనే చూడదు.

జిగ్‌లో 12ఏయూ7ను మామూలు బిందువు దగ్గర నడుపుతూ, 1 మెగా ఓమ్ షార్ట్ స్విచ్‌ను తెరవండి. ప్లేట్ కరెంటు కదలకూడదు. గ్రిడ్‌లో ఒక మైక్రోయాంప్ పారితే ఆ రెసిస్టర్ మీద ఒక వోల్టు పడి, ప్లేట్ కరెంటు 2.2 మిల్లీయాంప్‌లు పెరుగుతుంది. 0.02 మిల్లీయాంప్ కదిలిందంటే గ్రిడ్‌లో సుమారు 10 నానోయాంప్‌లు.

కదలిక ఎలా వచ్చిందో కూడా చూడండి:

- స్విచ్ తెరవగానే పెరిగి ఆగితే లోపల గ్యాస్ ఉంది.
- నిమిషాల మీద మెల్లగా పెరుగుతూ పోతే గ్రిడ్ వేడెక్కి తానే ఎలక్ట్రాన్లు విడుస్తోంది.
- వాల్వు తీసేశాక కూడా లీకేజీ ఉంటే సాకెట్ మురికి. వాల్వును తిట్టే ముందు సాకెట్‌ను ఆల్కహాల్‌తో కడిగి ఆరనివ్వండి. మన వర్షాకాలపు తేమలో ఇది తరచుగా జరిగేదే.

వీ-7ఏలో గ్రిడ్ చూసే నిరోధం దాదాపు 10 మెగా ఓమ్‌లు. 10 నానోయాంప్‌లు పారితే 100 మిల్లీవోల్టులు తప్పు. 1.5 వోల్టుల రేంజ్‌లో అది 6 శాతం పైనే. 1 నానోయాంప్‌కు దింపితే ఒక శాతం లోపు. జిగ్ అంత సూక్ష్మంగా చెప్పలేదు కనుక ఆఖరి వడపోత మీటర్‌లోనే జరగాలి, 13వ భాగం చూడండి.

## 10. హీటర్ తగ్గించి చూడటం, క్యాథోడ్ ఇంటర్‌ఫేస్

వాల్వులో ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో తెలియాలంటే హీటర్‌ను 6.3 నుంచి 5.7కు తగ్గించి, మూడు నిమిషాలు ఆగి మళ్లీ జీఎం కొలవండి. 10 శాతం లోపు తగ్గితే గట్టిది. 10 నుంచి 20 మధ్య అయితే వాడుకోవచ్చు, ఖరీదైన సాకెట్‌లో వద్దు. 20 దాటితే త్వరలో పోతుంది. తొందరపడి అర నిమిషంలో కొలిస్తే క్యాథోడ్ ఇంకా చల్లబడి ఉండదు, అన్నీ పాసవుతాయి.

స్కోప్‌లకు ఇంకో జబ్బు ఉంది. ప్లేట్ కరెంటు లేకుండా హీటర్ మాత్రమే వెలుగుతూ ఎక్కువ గంటలు ఉన్న వాల్వులో, నికెల్ గొట్టానికీ ఆక్సైడ్ పూతకూ మధ్య నిరోధపు పొర పెరుగుతుంది. ఆ పొర ఒక చిన్న రెసిస్టర్-కెపాసిటర్ జతలా పనిచేస్తుంది. డీసీ దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర గెయిన్ తగ్గుతుంది, పై ఫ్రీక్వెన్సీలు మాత్రం దాటిపోతాయి.

గుర్తు: స్క్వేర్ వేవ్ ముందు అంచు తర్వాత మైక్రోసెకండ్ మేరకు చిన్న ముక్కు, ఆ తర్వాత కిందికి వాలడం. కాంపెన్సేషన్ ట్రిమ్మర్లు ఎంత తిప్పినా పోదు. హీటర్ వోల్టేజీ కొంచెం మారిస్తే ముక్కు ఎత్తు మారుతుంది, నిర్ధారణ అదే. టెస్టర్‌లో ఈ వాల్వు నిక్షేపంగా పాసవుతుంది. మందు లేదు, మార్చడమే.

## 11. జత కుదర్చడం

కొత్తగా పెట్టెలోంచి తీసిన వాల్వును వెంటనే జత కట్టకండి. మొదటి గంటల్లో కరెంటు విలువ మారుతూ ఉంటుంది. హీటర్‌తో పాటు మామూలు ప్లేట్ కరెంటు పారిస్తూ 48 గంటలు నడపండి. హీటర్ ఒక్కటే వెలిగించి ఉంచడం వద్దు, కారణం పైనే చెప్పాం.

తర్వాత:

1. పరికరంలో ఆ స్టేజీ ఏ బిందువు దగ్గర పనిచేస్తోందో కొలవండి. ప్లేట్ రెసిస్టర్ మీద వోల్టేజీని దాని విలువతో భాగిస్తే కరెంటు. ప్లేట్‌కూ క్యాథోడ్‌కూ మధ్య వోల్టేజీ రాయండి. వీటీవీఎం బ్రిడ్జి డేటాషీట్ 10.5 మిల్లీయాంప్‌ల దగ్గర పనిచేయదు, చాలా కింద నడుస్తుంది. పైన కుదిరిన జత కింద విడిపోవచ్చు.

2. జిగ్‌ను ఆ ప్లేట్ వోల్టేజీకి పెట్టండి. 20 నిమిషాలు వేడెక్కనివ్వండి.

3. బయాస్ స్థిరంగా పెట్టి కరెంటులు పోల్చడం కన్నా, కరెంటును స్థిరంగా పెట్టి ఎంత బయాస్ కావాల్సి వచ్చిందో రాయడం మేలు. డిఫరెన్షియల్ జతలో బ్యాలెన్స్ పాట్ సరిచేసేది ఆ బయాస్ తేడానే.

4. అదే కరెంటు దగ్గర జీఎం కొలవండి.

5. రెండో రోజు మళ్లీ కొలవండి. రెండు రోజులూ ఒకే తేడా చూపినవే జత.

పనికి సరిపోయే హద్దులు: 6డీజే8 డిఫరెన్షియల్ జతకు బయాస్ తేడా 0.1 వోల్టు లోపు, జీఎం తేడా 5 నుంచి 10 శాతం లోపు. 12ఏయూ7 బ్రిడ్జికి 0.3 వోల్టు దాకా ఫర్వాలేదు, జీరో పాట్ అందుకుంటుంది. హీటర్ వోల్టేజీ మారినప్పుడు రెండు సెక్షన్లూ కలిసి కదలడమే అంతకన్నా ముఖ్యం. హీటర్‌ను 6.3 నుంచి 5.7కు దించి రెండు సెక్షన్ల బయాస్ ఎంత మారిందో చూడండి. రెండూ 0.1 వోల్టు మారితే మంచిది. ఒకటి 0.05, ఇంకొకటి 0.15 మారితే, లైన్ వోల్టేజీ ఊగినప్పుడల్లా సున్నా ఊగుతుంది. మన సరఫరా మీద ఇది చిన్న విషయం కాదు.

టెక్‌ట్రానిక్స్ విడిభాగాల్లో 154తో మొదలయ్యే నంబర్లు మామూలు వాల్వులు, 157తో మొదలయ్యేవి ఏరి పరీక్షించినవి. పార్ట్స్ లిస్ట్‌లో 157 కనిపించిన సాకెట్‌కే జత వెతకండి. మిగతా చోట్ల అక్కర్లేదు.

## 12. 6ఏఎల్5, గ్యాస్ ట్యూబులు

6ఏఎల్5: హీటర్ వెలిగించి, ప్లేట్‌కు ఏమీ ఇవ్వకుండా 10 మెగా ఓమ్‌ల మల్టీమీటర్‌తో ప్లేట్-క్యాథోడ్ మధ్య కొలవండి. ప్లేట్ కొన్ని పదో వంతుల వోల్టు మైనస్ చూపిస్తుంది. వీటీవీఎంలో ఒక డయోడ్ వోల్టేజీని రెండోది రద్దు చేయాలి కాబట్టి రెండింటి తేడా 0.1 వోల్టు లోపు ఉన్నదాన్ని ఏరండి. పిన్నులు: 7 ప్లేట్‌కు 1 క్యాథోడ్, 2 ప్లేట్‌కు 5 క్యాథోడ్.

0ఏ2: 5 మిల్లీయాంప్‌ల దగ్గర, 30 దగ్గర వోల్టేజీ చూడండి. తేడా 6 వోల్టులు దాటకూడదు.

5651: నామమాత్ర వోల్టేజీ 87, కరెంటు 1.5 నుంచి 3.5 మిల్లీయాంప్‌లు. ఆ మేరలో కరెంటును మెల్లగా మారుస్తూ స్కోప్‌లో ఏసీ కప్లింగ్‌తో చూడండి. వోల్టేజీ మెట్టులా దూకితే వద్దు. చీకట్లో కూడా వెలుగుతుందో లేదో చూడండి, బల్ల దీపం కింద వెలిగి మూత వేశాక మొరాయించేవి ఉంటాయి. టెక్‌ట్రానిక్స్ 500 వరుసలో మైనస్ 150 వోల్టుల సప్లైకి ఆధారం ఇదే, మిగతా సప్లైలు దాని మీద ఆధారపడతాయి. దీన్ని మార్చారంటే స్కోప్ మొత్తం క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే.

## 13. ఆఖరి పరీక్ష పరికరంలోనే

వీటీవీఎంకు:

- [ ] పవర్ ఆపి ముల్లు మెకానికల్ సున్నా సరిచేశాం
- [ ] 30 నిమిషాలు వేడెక్కింది
- [ ] 1.5 వోల్టుల రేంజ్‌లో ప్రోబ్ షార్ట్ చేసి జీరో పెట్టాం
- [ ] రేంజ్‌లన్నీ తిప్పినా సున్నా కదల్లేదు
- [ ] ప్రోబ్ షార్ట్ తీసినా ముల్లు ఒక చిన్న గీత మించి కదల్లేదు
- [ ] డీసీ ప్లస్ నుంచి మైనస్‌కు తిప్పినా సున్నా అక్కడే ఉంది
- [ ] వేరియాక్‌తో లైన్ 10 శాతం పెంచి, తగ్గించి, ఒక్కోసారి మూడు నిమిషాలు ఆగి చూశాం
- [ ] ఏసీ బ్యాలెన్స్ సర్దాం

రేంజ్ తిప్పినప్పుడు సున్నా జరిగితే గ్రిడ్ కరెంటు. లైన్ మారినప్పుడు మాత్రమే జరిగితే సెక్షన్లు హీటర్‌తో కలిసి కదలడం లేదు. ఊరికే గంటల తరబడి ఒకే వైపు జారుతుంటే వాల్వు ఇంకా కుదురుకోలేదు, మరో రోజు నడపండి.

క్యాలిబ్రేషన్‌కు కొత్త ఆల్కలైన్ సెల్‌ను నేరుగా 1.5 రేంజ్‌లో పెట్టకండి. కొత్త సెల్ 1.6 వోల్టుల దాకా ఇస్తుంది, ముల్లు చివరికి తగులుతుంది. సెల్ మీద 1 కిలో ఓమ్ పాట్ పెట్టి, డిజిటల్ మీటర్ చూస్తూ 1.4కు తెచ్చి సరిచేయండి.

స్కోప్‌కు: సప్లైలు కొలవడం, డీసీ బ్యాలెన్స్, గెయిన్, తర్వాత స్క్వేర్ వేవ్, ఈ వరుసలోనే. బ్యాలెన్స్ పాట్ ఒక చివరకు వెళ్లిపోతే జత తిరగేసి చూడండి. సమస్య రెండో చివరకు మారితే తప్పు వాల్వులది. అదే చివర నిలిస్తే ప్లేట్ రెసిస్టర్లు కొలవండి. పెన్సిల్‌తో వాల్వులు తట్టి ట్రేస్ చూడండి. వణికి ఆగితే పర్వాలేదు, మోగుతూ ఉంటే తర్వాతి స్టేజీకి మార్చండి.

ఇన్‌పుట్ స్టేజీలో తిరస్కరించిన 12ఏయూ7లు ఊరికే పారేయకండి. జీఎం బాగుండి గ్రిడ్ కరెంటు కాస్త ఉన్నవి, గ్రిడ్ సర్క్యూట్‌లో నిరోధం తక్కువ ఉన్న స్టేజీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తాయి. ట్యాగ్ మీద మాత్రం "ఇన్‌పుట్‌కు వద్దు" అని రాసి పెట్టండి.